కొసరు హ్యాండిల్

ఒరే కిట్టూ, ఇటు రా. ఆ గుమ్మంలో నిలబడి కాదు, ఇలా నా మంచం పక్కన పీటేసుకుని కూకో. కూకున్నావా? సరిగ్గా కూకో. ఒక సెవి నాకిచ్చి, ఇంకో సెవి ఆ ఫోన్‌కి ఇస్తానంటే నాను సెప్పను. ఏటి, ఫోన్లోనే రాస్తావా? అలాగైతే ఆ ఆటలన్నీ మూసీసి రాయి. నా మాట ఉన్నదున్నట్టు రాస్తే మీ తెలుగు మేష్టారు తట్టుకోలేడు. నాను సెప్పింది పుస్తకాల తెలుగులోకి దిద్దుకో. జనం అన్న మాటలు మాత్రం దిద్దకు. ఎవలు ఎలాగన్నారో అలాగే ఉండాల. ఎవలి నోరు వాలది.

రాస్తన్నావా? రాయి.

ముందుగానే చెప్పేస్తున్నాను, ఇది ఒక ఘోరం కథ. ప్రాణాలేవీ పోలేదు. కానీ శృంగవరపుకోటలో, పట్టపగలు, సొంత కొట్టు ముందర, అరవై దాటిన నేను చేసిన ఘనకార్యానికి మా వీధి వీధంతా వంటలు మానేసి నవ్వుకుంది. వంటలు మానేసి అన్నది కాస్త ఎక్కువేలే. కూరల్లో ఉప్పు మర్చిపోయి నవ్వుకుంది అని రాయి.

ఇది నేను పరికిణీలు కట్టుకున్న నాటి సంగతేమో అనుకుంటారు చదివేవాళ్ళు. కాదు. మొన్నమొన్నటి సంగతే. అప్పటికి నా మోకాళ్ళు ఇంకా నా మాట వింటూ ఉండేవి. నేను మాత్రం ఎవరి మాటా వినేదాన్ని కాదు. ఇప్పుడు తారుమారైంది. నేను అందరి మాటా వింటున్నాను, మోకాళ్ళు వినడం మానేశాయి.

మాది బట్టల కొట్టు. మా ఇల్లు వీధి ఎగువన, కొట్టు ఆ వీధి పల్లంలో, మెయిన్ రోడ్డు మూలన. మాలాంటి వ్యాపారం ఇళ్ళల్లో కొసరు అంటే ఒక మర్యాద. జాకెట్టు ముక్క చింపితే అడిగిన కొలత మీద నాలుగు వేళ్ళు వదిలి చింపుతాం. మేము ఏదైనా కొంటే అవతలివాడూ అలాగే వదలాలి. తోటకూర కట్ట మీద ఇంకో రెండు కాడలు, గిద్దెడు నూనె మీద ఇంకో చుక్క. కొసరు లేకుండా కొన్న వస్తువు నాకు పలుకు మిగిలిన అన్నంలా ఉండేది. ఒకసారి జ్వరమొచ్చి సూది వేయించుకుంటూ, "బాబూ, ఆ సీసా అడుగున మిగిలింది కూడా ఎక్కించీండి, పారబొయ్యడమెందుకు?" అని డాక్టరుగారిని అడిగినదాన్ని. ఆయన సూది గాల్లో ఆపి చాలాసేపు నా మొహం చూశాడు.

నవ్వకురా, రాయి. ఇంకా మొదలే కాలేదు.

నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు. మీ అక్క మౌనిక అప్పుడే డిగ్రీలో చేరింది. పిల్ల కాలేజీ నుంచి చదువుతో పాటు ఒక పిచ్చి కూడా తెచ్చుకుంది. కొండ సైకిలు. రోడ్డు మీద కూరలు తెచ్చుకునే సైకిలు కాదు. లావు టైర్లతో రాళ్ళ మీంచీ చెట్ల వేర్ల మీంచీ కొండ దిగే సైకిలు. అనంతగిరి కొండల కింద, జీడితోటల మధ్య బాటలో కాలేజీ పిల్లలకి పోటీ పెడుతున్నారట. స్నేహితురాలి సైకిలు మీద రెండు మూడు సార్లు దిగి వచ్చిందట. అప్పటినుంచి అన్నం ముందు కూర్చున్నా పిల్ల కళ్ళు కొండ మీదే ఉండేవి.

మీ నాన్న, అంటే నా కొడుకు సత్తిబాబు, వినగానే కొట్టు షట్టరు దించినట్టు మొహం దించేశాడు.

"ఆడపిల్లవి. ఆ కొండ మీంచి దొర్లితే ఏటి గతి?"

"మగపిల్లడు దొర్లితే కొండ మెత్తబడిపోతాదేటిరా?" అన్నాను నేను.

"నువ్వు ఊరుకోమ్మా."

నేను ఊరుకునే మనిషినైతే ఈ కథే లేదు. పొద్దున్న కాఫీ దగ్గర అడిగాను, మధ్యాహ్నం మజ్జిగ దగ్గర అడిగాను, వాడు బేరంలో ఉన్నప్పుడు చీరల మడతల మధ్యనుంచి తల దూర్చి అడిగాను. చివరికి వాడు దిగొచ్చాడు గానీ ఒట్టినే రాలేదు. కూతుర్ని ఎదురుగా నిలబెట్టుకున్నాడు.

"సూడు మౌనికా. కొంటాను. ఒక్కటే మాట. ఈ సైకిలు మీంచి నువ్వు ఒక్కపాలి పడినావో, ఆ రోజే సైకిలు వచ్చిన దారినే ఎల్లిపోతాది. పోటీ నేదు, కొండా నేదు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నాను నాన్నా."

"పూచీ ఎవలు?"

"నాను," అన్నాను, గుండెల మీద చెయ్యేసుకుని.

చూశారా, ఎంత ధీమాగా అన్నానో. ఆ పిల్ల సైకిలు నిలబడడమూ కూలడమూ నా పూచీ మీద ఉందన్నమాట.

విజయనగరంలో పెద్ద సైకిళ్ళ కొట్టు ఉందంటే నేనూ మౌనికా బస్సెక్కి వెళ్ళాం. కొట్టాయన పేరు గౌరీశ్వరరావు. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. పాపం, ఆ రోజు ఎవరి మొహం చూసి లేచాడో. నీలం రంగు సైకిలొకటి మౌనికకి నచ్చింది. ఆయన పిల్లని పైనుంచి కిందకి ఒకసారి చూసి అన్నాడు:

"పాప మనిసి సన్నగా ఉన్నాది గదమ్మా. దీనికొచ్చిన హ్యాండిలూ స్టెమ్మూ నప్పవు. కావలసినవి మార్సి బిగించి ఇస్తాను. ఏవి తీసుకున్నా రేటొకటే."

రేటొకటే అన్న మాట చెవిన పడగానే నా లోపల ఇంకో కొట్టు తెరుచుకుంది.

"స్టెమ్మంటే ఏటి బాబూ?"

"మెడమ్మా. సైకిల్నీ హ్యాండిల్నీ కలిపే మెడ. ఇదిగోండి, ఇది పొట్టిది, ఇది పొడుగుది."

బల్ల మీద రెండూ పెట్టాడు. పొట్టిది నా రెండు వేళ్ళ వెడల్పుంది. పొడుగుది నిండా బెత్తెడుంది. పక్కన రెండు హ్యాండిళ్ళు పెట్టాడు. చేత్తో కొలిచి చూశాను. ఒకటి మూరన్నర మీద కాసింత. రెండోది రెండు మూరలకి బెత్తెడు తక్కువ.

"పాపకి పొట్టి మెడ, ఈ సిన్న హ్యాండిలు సరిపోతాయమ్మా," అన్నాడాయన. "మెడ పొడుగైతే పాప ముందుకి సాగిపోయి బరువంతా ముందు సక్రం మీద పడతాది. పల్లంలో పల్టీ కొట్టీగలదు. తిప్పితే బేగి తిరగదు. హ్యాండిలు మరీ ఎడల్పయితే సేతులు సాపుకుని సాపుకుని బుజాలు లాగీస్తాయి."

"రెండిటికీ రేటొకటే అన్నావు?"

"ఒకటేనమ్మా."

"మరి పొట్టిది ఎవలు కొంటారు బాబూ?"

"కావలసినోలు కొంటారమ్మా."

"కావలసినోలు! ఒకే రేటుకి బెత్తెడు ఇనుము ఇస్తంటే, రెండు వేళ్ళ ముక్క పట్టుకుపోయే ఎర్రిబాగులోలు ఇజీనారంలో ఉన్నారేటి?"

"ఇనుము కాదమ్మా, అల్యూమినియం."

"అయితే మరీ మంచిది. పొడుగుదే కట్టు."

మౌనిక నా కొంగు పట్టుకు లాగింది. "మామ్మా, ఆయన సెప్పినట్టు తీసుకుందామే. కొలతుంటాది."

"అవునమ్మా," అన్నాడు గౌరీశ్వరరావు, కాస్త ఊపిరి తీసుకుని. "పాప నేల మీద బోర్లా పడుకుని దండీలు తీసినట్టు లేస్తే, సేతులు ఎక్కడ ఆనతాయో అదే హ్యాండిలు ఎడల్పు."

మౌనిక అప్పటికే చున్నీ నడుముకి కట్టేసుకుంటోంది.

"లెగు! నలుగురున్న కొట్లో ఆడపిల్ల బోర్లా పడుకోడమేటి! ఇన్నేళ్ళు గుడ్డలు కొలిసినదాన్ని, సేతులు కొలవలేనేటి?" అని, పిల్లని నిలబెట్టి, రెండు చేతులూ రెండు వైపులా బార్లా చాపించి, ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా కొలిచాను. "అదిగో! ఈ సేతులకి ఆ పెద్ద హ్యాండిలు కూడా పొట్టే. ఇంకా పెద్దదున్నాదా బాబూ?"

"నేదమ్మా," అన్నాడాయన గబగబా. ఉందేమోనని నాకు ఇప్పటికీ అనుమానమే.

"మామ్మా, అది సేతులు సాపడానికి కాదే, పట్టుకోడానికి."

"ఎదిగే పిల్లవి. పరికిణీ కుట్టిస్తే కింద మడతెట్టి కుట్టించలేదేటి? ఇదీ అంతే."

"నాను ఇంక ఎదగను మామ్మా. పద్దెనిమిది నిండిపోనాయి."

"సేతులు ఎదుగుతాయి."

"మామ్మా..."

"మౌనీ, మీ నాన్నని ఒప్పించిందెవలు?"

"నువ్వే."

"పూచీ ఎవలది?"

"నీదే."

"మరి హ్యాండిలు ఎవలి మాటన కొనాల?"

పిల్ల నడుముకి కట్టిన చున్నీ విప్పేసుకుంది. గౌరీశ్వరరావు ఒక నిట్టూర్పు విడిచి పానా తీశాడు.

సైకిలు ఇంటికొచ్చింది. వచ్చింది గానీ లోపలికి రాలేదు. వీధి తలుపులో ఒక రెక్క ఎప్పుడూ బిగించే ఉంచుతాం కదా, మిగిలిన రెక్క సందులో హ్యాండిలు ఇరుక్కుంది. తుప్పట్టిన గెడ ఊడదీసి, ముందు చక్రం పక్కకి తిప్పి, కొత్త పెళ్ళికొడుకుని లోపలికి తీసుకొచ్చినంత సంబరం చేస్తే గానీ గడప దాటలేదు.

"సూసినావా," అన్నాను మీ అమ్మతో. "ఎంత నిండుగా ఉన్నాదో. దొంగ కూడా బయటికి పట్టుకుపోలేడు."

మీ అమ్మ లక్ష్మి మంచి కోడలు. నవ్వు దాచుకోవడానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు మీ అక్క ఎక్కింది. ఆ బెత్తెడు మెడని అందుకోవడానికి ముందుకి సాగి, ఆ వెడల్పుకి రెండు చేతులూ చాపి, గడ్డం ఎత్తి తొక్కుతోంది. అరుగు మీంచి చూస్తున్న మీ తాత, "గోడ మీద బల్లిలాగున్నాది," అన్నాడు. మీ తాత సంగతి తెలుసు కదా, ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడతాడు. అందులో ఒకటి అక్కడ ఖర్చు పెట్టేశాడు.

మీ నాన్న కూడా చూశాడు. "అదేటమ్మా, పిల్ల అలా తూలతన్నాది?"

"కొత్త సైకిలురా. మాలిమి అవ్వాల."

మాలిమి కాలేదు. మౌనిక తిప్పితే సైకిలు వెంటనే తిరిగేది కాదు. ఆలోచించుకుని తిరిగేది. ఆ ఆలోచన పూర్తయ్యేలోగా ఎదురుగా ఆటో అయినా ఉండేది, ఆవైనా ఉండేది. ఒక సాయంత్రం రైల్వే గేటు దగ్గర పల్లంలో ముందుకి పల్టీ కొట్టబోయి, పక్కనున్న కరెంటు స్తంభాన్ని కావిలించుకుని నిలబడిపోయిందట. ఇంటికొచ్చి నా మంచం మీద కూలబడింది.

"మామ్మా, బుజాలు సలిపేస్తన్నాయి. ఇయాల పడిపోదును."

"పడలేదు గదా?"

"స్తంభం పట్టుకున్నాను."

"స్తంభం పట్టుకుంటే పడినట్టు కాదు."

"రేపు ఎప్పుడో స్తంభం ఉండదు మామ్మా. అప్పుడు నాన్న సైకిలు ఇచ్చీస్తాడు. కొట్టుకెల్లి మార్పించుకుందామే. పొట్టి మెడ ఏయించుకుని, హ్యాండిలు కోయించుకుంటే సరిపోతాది."

న్యాయమైన మాటే. కానీ ఒక చిక్కుంది. మా కొట్లో గల్లా పెట్టె వెనకాల, 'అమ్మిన సరుకు వెనక్కి తీసుకోబడదు' అని ఎర్రక్షరాల బోర్డుంది. ఆ బోర్డు రాయించింది నేనే. దాన్ని చూపించి ఎంతమంది ఆడవాళ్ళని చీరలతో సహా తిప్పి పంపేశానో! అలాంటి నేను ఇంకొకరి కొట్టు మెట్లెక్కి, బాబూ తప్పయింది మార్చమని ఏ మొహంతో అడగను?

అదే సమయానికి మీ నాన్న భోజనం దగ్గర అన్నాడు: "మౌనికా, ఆదివారం పొద్దున్న మన వీధి పల్లం నా కళ్ళ ముందర దిగి సూపించు. తిన్నగా దిగితే పోటీకి పంపుతాను. పడినావంటే మాట తెలుసు గదా."

పిల్ల ముద్ద నోట్లో పెట్టుకుని నా వైపు చూసింది. నేను పచ్చడి జాడీ వైపు చూశాను.

శనివారం పిల్ల కాలేజీకెళ్ళింది. సాయంత్రం స్నేహితురాలి ఇంట్లో పెళ్ళి చూసుకుని ఆలస్యంగా వస్తుంది. హ్యాండిలు కోయించుకుంటే సరిపోతుందని తనే అంది కదా. ఆ పని మన శృంగవరపుకోటలో కాదా? సైకిల్ని నడిపించుకుంటూ మా కొట్టు ఎదురుగా ఉన్న పైపుల కొట్టుకి పట్టుకెళ్ళాను. సూర్యనారాయణ మాకు వరసకి మరిది. బోరింగు పైపులు కోసి కోసి చెయ్యి తిరిగినవాడు.

"ఏటి వదినా, నువ్వు తొక్కతన్నావేటి?"

"ఎకసెక్కాలాపి ఈ హ్యాండిలు కొయ్యి. నాలుగు వేళ్ళు తగ్గించాల."

"ఎటేపు?"

"మీరు పైపు ఎటేపు కోస్తారు?"

"ఒక కొస నుంచే కోస్తాం."

"మేం గుడ్డ కూడా ఒక కొస నుంచే సింపుతాం."

"మరింకేటి," అన్నాడు సూర్యనారాయణ.

"మరింకేటి," అన్నాను నేనూ.

చూడండి బాబూ, ఒక్క బట్టల కొట్టు పొరపాటు పడితే సర్దుకోవచ్చు. బట్టల కొట్టూ పైపుల కొట్టూ కలిసి ఒకే మాట మీద నిలబడితే ఆ సైకిల్ని కాపాడేవాళ్ళెవరు? బ్రేకు లోపలికి జరిపి, పిడి ఊడదీసి, కుడి చేతి వైపు రంపం పెట్టాడు. అలవాటు చొప్పున నేను నాలుగు వేళ్ళు కొలిచి, "ఇంకో వేలు కొసరు కొయ్యి," అన్నాను.

కోశాక నాలుగడుగులు వెనక్కి వేసి చూశాను. కళింగపట్నం ఇసకలో ఒక చెయ్యి పెద్దగా, ఒక చెయ్యి చిన్నగా ఉండే బుల్లి పీతలు పరిగెడతాయి చూశావా? అచ్చం అలాగుంది.  అయినా చూసేది కళ్ళు కదా, తొక్కేది కాళ్ళు కదా అని సర్ది చెప్పుకుని, ఇంటికి తెచ్చి, కొత్త దుప్పటి కప్పి గోడకి ఆనించేశాను.

ఆదివారం పొద్దున్న. మీ నాన్న పల్లంలో, కొట్టు మెట్ల దగ్గర, టీ గ్లాసుతో నిలబడ్డాడు. మీ తాత కొట్టు ముందర కడ్డీకి దుప్పట్లు వేలాడదీస్తున్నాడు. తువ్వాళ్ళ మూటలు మెట్ల మీద ఉన్నాయి, ఇంకా సర్దలేదు. ఎదురుగా సూర్యనారాయణ. అరుగుల మీద ఆడవాళ్ళు. ఎగువన ఇంటి ముందర నేనూ మౌనికా.

పిల్ల దుప్పటి తీసింది. 

"మామ్మా, ఇదేటి?"

"కోయించినాను. నువ్వే కదే కోయించమన్నావు?"

"ఒకేపేనా?"

"ఎటేపైతేనేటి? మొత్తం మీద తగ్గినాదా నేదా?"

"మామ్మా," అంది పిల్ల మెల్లిగా, "నాకు కుడి సెయ్యి పొట్టా?"

  పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "దీని మీద నాను పడతాను మామ్మా. నాన్న సూస్తన్నాడు. ఇంక కొండ నేదు," అంది. గట్టిగా ఏడ్చినా బాగుండేది. 

అప్పుడు నాకు రెండు దారులు కనిపించాయి. ఒకటి, పల్లం దాకా నడిచి వెళ్ళి తప్పు నాదని కొడుకుతో చెప్పడం. రెండోది, సైకిలెక్కడం. రెండోదే సులువనిపించింది.

"ఇలా తే. పడదు. నాను సూపిస్తాను."

"మామ్మా, వద్దే!"

"ఒసే, మా నాన్న బట్టల మూటల సైకిలు కడ్డీ కింద నుంచి కాలు దూర్సి తొక్కినదాన్ని. ఇదొక లెక్కా?"

కొంగు బిగించాను. కుచ్చిళ్ళు ఎత్తి దోపాను. ఎక్కాను. ఎడం చెయ్యి అరకులో ఉంది, కుడి చెయ్యి కోటలో ఉంది. మెడ ఎంత పొడుగంటే కూర్చున్నానో పడుకున్నానో నాకే తెలియలేదు. ఒక్క తొక్కు తొక్కాను. మిగిలింది పల్లమే తొక్కింది.

దిగువన మీ నాన్న కూతురొస్తుందని చూస్తున్నాడు. వచ్చింది తల్లి.

"అమ్మా!" అన్నాడు. టీ గ్లాసు చేతిలో వంకరైంది.

"తప్పుకోండి! తప్పుకోండర్రా!" అంటున్నాను నేను. అరుగుల మీద ఆడవాళ్ళు కాళ్ళు పైకి పెట్టేసుకున్నారు. సూర్యనారాయణ, "కుడేపు తిప్పు వదినా, కుడేపు!" అని అరుస్తున్నాడు. కుడివైపు తిప్పడానికి అక్కడ హ్యాండిలుంటే కదా, వాడే కోసేశాడు! తిప్పాను. సైకిలు ఆలోచించుకోవడం మొదలుపెట్టింది. అది ఆలోచిస్తుండగానే కొట్టు వచ్చేసింది. పొడుగ్గా మిగిలిన ఎడం కొమ్ము వేలాడుతున్న దుప్పట్లని అందుకుంది. ఒక దుప్పటి, రెండో దుప్పటి, తర్వాత కడ్డీకి ఉన్నవన్నీ. వాటితో సహా నేను వెళ్ళి తువ్వాళ్ళ మూటల్లో మెత్తగా పడ్డాను.

కాసేపు లోకమంతా పూల దుప్పటి రంగులో ఉంది.  తర్వాత మీ నాన్న గొంతు.

"అమ్మా! దెబ్బ తగిలిందేటి? ఒలే లచ్చిమీ, నీళ్ళు తే!"

"నీళ్ళొద్దు, ముందు ఈ దుప్పట్లు తియ్యండర్రా," అన్నాను.

ఒక్కొక్క దుప్పటీ తీస్తుంటే చివరికి నేను బయటపడ్డాను. చేతులూ కాళ్ళూ ఆడించి చూపించాను. అన్నీ ఉన్నాయి. మౌనిక పరిగెత్తుకొచ్చి నన్ను పట్టేసుకుంది. నాకేమీ కాలేదని తేలగానే మీ నాన్న మొహంలోకి కోపం వచ్చింది.

"సాలు. ఇంక సాలు. ఈ సైకిలు ఇయాలే ఎనక్కి ఎల్లిపోవాల. పడితే ఎనక్కి అన్నానా నేదా?"

"ఆగరా సత్తిబాబూ. ఎవలు పడితే అన్నావు?"

"ఎవలు పడితేనేటి?"

"మాటంటే మాటే. 'మౌనికా, నువ్వు పడితే' అన్నావు. మౌనిక అదిగో, రెండు కాళ్ళ మీద నిలబడున్నాది. పడింది నాను. ఎనక్కి పంపితే నన్ను పంపాల. మా నాన్న ఎప్పుడో పోనాడు, ఆ ఇంట్లో నన్ను తీసుకునేవోలెవలూ నేరు."

మీ నాన్న తండ్రి వైపు చూశాడు, న్యాయం చెప్పమన్నట్టు. మీ తాత దుప్పటి మడత పెడుతున్నవాడు ఆగాడు. నా వైపు చూశాడు. తర్వాత తిన్నగా గల్లా పెట్టె వెనకాల బోర్డు వైపు వేలు చూపించి, ఆ ఏటికి రెండో మాట మాట్లాడాడు.

"అమ్మిన సరుకు వెనక్కి తీసుకోబడదు."

ఇంకేముంది! సూర్యనారాయణ పైపుల మీదే కూలబడి నవ్వాడు. అరుగుల మీద ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. మీ నాన్న ఎంత బిగపట్టుకున్నా నవ్వు ముక్కులోంచి వచ్చేసింది. ఆ నవ్వు చల్లారకముందే నేను చెప్పేశాను. "తప్పు పిల్లది కాదురా. సైకిల్దీ కాదు. నా కొసరుది. సరైన మెడా హ్యాండిలూ ఏయించి, మళ్ళీ దిగమను. అప్పుడు సూడు."

"ఈపాలి నువ్వు కొట్లోకి ఎల్లినా, నోరు తెరవకూడదు," అన్నాడు.

తెరవలేదు. గౌరీశ్వరరావు కొట్లో ఒక స్టూలు మీద నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. మౌనిక చున్నీ నడుముకి బిగించి, నలుగురూ చూస్తుండగా నేల మీద బోర్లా పడుకుని లేచింది. చేతులు ఎక్కడ ఆనాయో ఆయన కొలిచి, రెండు వైపులా సమంగా ఉన్న హ్యాండిలు, రెండు వేళ్ళ పొట్టి మెడ బిగించాడు. మా ఒంటిచేతి పీతని పట్టుకుని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, "దీన్ని ఎవలు కోసినారమ్మా?" అన్నాడు. నేను గోడ మీద క్యాలెండరు చూశాను. వచ్చేటప్పుడు పాపం, "కొసరుగా ఈ గంట ఉంచండమ్మా," అని ఒక బుల్లి గంట తీశాడు. రెండు చేతులూ జోడించి వద్దన్నాను. ఆయన భయపడి లోపల పెట్టేసుకున్నాడు.

మరుసటి ఆదివారం మౌనిక మా వీధి పల్లం దిగింది. చూడాలి నువ్వు. మోచేతులు కాస్త వంచి, నడుము వెనక్కి పెట్టి, చీర మీంచి ఇస్త్రీ పెట్టె జారినట్టు జారింది. కొట్టు ముందర ఠక్కున ఆగింది. ఒక్క దుప్పటీ కదల్లేదు. మీ నాన్న టీ గ్లాసు పక్కన పెట్టి, "కొండకి ఎల్లు," అన్నాడు. అంతే. కొండకీ వెళ్ళింది. బహుమతి రాలేదు, చివరాఖరునా రాలేదు, మధ్యలో ఎక్కడో వచ్చింది. మొహం నిండా ఎర్రదుమ్ము, ఆ దుమ్ములో పళ్ళన్నీ కనిపించేలా నవ్వు. పడలేదు.

ఆ కోసిన హ్యాండిలు ఏమైందంటావా? పారేస్తానేటిరా! మన కొట్లో గల్లా పక్కన జాకెట్టు ముక్కలు వేలాడదీసే కడ్డీ లేదూ, ఎడం వైపు పొడుగ్గా, కుడి వైపు పొట్టిగా? ఏటలా నోరెల్లబెట్టినావు? అదే. దాని కిందనుంచి రోజూ తల వంచుకుని పోతన్నావు గదరా. వచ్చినోళ్ళందరూ అదేటి అలాగున్నాదని అడగడమే, మీ తాత నా వైపు సూడ్డమే. నోరు మాత్రం తెరవడు. ఆ మాట దాసుకుంటన్నాడు.

సివర మాట బాగా రాయి. పెద్దచ్చరాలతో రాయి. నాను, అంటే మీ మామ్మ, ఆ వంకర హ్యాండిలు మీద సెయ్యేసి, ఇది సదివేవోలందరి ఎదటా ఒట్టు ఎడతన్నాను. ఇంక ఈ జన్మలో, ఎవలి దగ్గరా, ఏ వస్తువుకీ, గోరంత కూడా కొసరు అడగను. అడిగితే నన్ను ఆ సైకిలెక్కించి అనంతగిరి మీంచి...

ఏటే లచ్చిమీ? అన్నం వడ్డించీసినావా? వస్తన్నానే, వస్తన్నాను. ఒరే కిట్టూ, సెయ్యి ఇయ్యి, మోకాలు లేవనంటన్నాది. ఏటి కూర? గుత్తొంకాయా! అప్పడాలు యేపినావా? మనిసికి రెండేనేటి? అలాక్కాదే, నా కంచంలో ఇంకొక్కటి కొస...